స్పార్టన్లూ, సుబేదారుగారూ

మా ఇంట్లో అందరికీ తెలిసిన ఇంగ్లీషు నవల ఒకే ఒక్కటి. షేక్స్‌పియర్ నాటకం కాదు, ఆర్.కె. నారాయణ్ కథా కాదు. ఒక వీడియో గేమ్ ప్రపంచంలో జరిగే యుద్ధం నవల. పేరు "హేలో: ద ఫాల్ ఆఫ్ రీచ్". రాసినాయన ఎరిక్ నైలండ్. 2001 అక్టోబరు ఆఖర్లో పుస్తకం వచ్చింది, ఆ తర్వాత రెండు వారాలకి నవంబరులో ఆట వచ్చింది. "గేమ్ చూసి రాసిన పుస్తకంరా అది" అని నేను అన్నప్పుడల్లా మా పెద్దాడు ఈ తేదీలు అప్పజెప్తాడు. ఇప్పటికి ఓ పాతికసార్లు విని ఉంటాను.

మేముండేది ఆక్లండ్‌లో ఫ్లాట్ బుష్. 2009లో వచ్చినప్పుడు ఇది మనుకావ్ సిటీ కింద ఉండేది, మరుసటేడు అంతా కలిపి ఒకే ఆక్లండ్ చేశారు. వీధుల పేర్లు చూస్తే ఐర్లండ్‌లో ఉన్నామా అనిపిస్తుంది, వీధుల్లో మనుషుల్ని చూస్తే అరచేతి మేర ఆసియా అనిపిస్తుంది. పక్కనే ఫో గ్వాంగ్ షాన్ బౌద్ధాలయం, ఇటువైపు బ్యారీ కర్టిస్ పార్కు. ఆర్మిస్టన్ టౌన్ సెంటర్ 2021లో తెరిచేదాకా ఏం కావాలన్నా బోటనీకి పరిగెత్తడమే. పుస్తకాలకి కూడా అంతే. ఆ బోటనీ లైబ్రరీలోనే మావాడికి పదకొండో ఏట ఈ పుస్తకం దొరికింది. అట్ట మీద ఆకుపచ్చ కవచం వేసుకున్న సైనికుడు. నేను పెదవి విరిచాను.

పెదవి విరవడానికి నాకేం అర్హత ఉందో నాకే తెలియదు. తాడేపల్లిగూడెంలో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపుకి నేను పెట్టినంత పెట్టుబడి ఇంకెవరూ పెట్టి ఉండరు. మధుబాబు షాడో నవలలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, వాళ్ళని వీళ్ళని చదివి కడుపు నిండాకే తెలుగు సాహిత్యం అనేది ఒకటుందని తెలిసింది. అప్పుడు మా తెలుగు మాస్టారు ఆ అట్టల్ని చూసి ఎలా పెదవి విరిచేవారో సరిగ్గా అలాగే నేనూ విరిచాను. మూడ్రోజులయ్యాక అన్నం తింటూ వాడు "నాన్నా, ఆరేళ్ళ పిల్లల్ని గవర్నమెంటే ఎత్తుకుపోతే అది కరెక్టా?" అని అడిగాడు. అప్పుడు ఆ పుస్తకం నేను కూడా తీశాను.

తెలియని వాళ్ళకోసం కథ కాస్త చెప్తాను. ఇరవయ్యారో శతాబ్దం. మనుషులు చాలా గ్రహాల మీద కాపురాలు పెట్టారు. కేథరిన్ హాల్సీ అనే డాక్టరమ్మ మహా మేధావి. ఆవిడ ఓ పథకం వేస్తుంది. జన్యువుల పరీక్షలో నెగ్గిన డెబ్భై అయిదుమంది ఆరేళ్ళ పిల్లల్ని దొంగతనంగా తీసుకొచ్చి, వాళ్ళని సైనికులుగా పెంచడం. ఇళ్ళల్లో అనుమానం రాకుండా ఒక్కొక్కరి స్థానంలో అచ్చు అలాగే ఉండే క్లోన్‌ని పెడతారు. ఆ క్లోన్లు ఎక్కువకాలం బతకవు. జబ్బు చేసి పోతాయి. తల్లిదండ్రులు తమ బిడ్డే పోయాడనుకుని ఏడ్చి ఊరుకుంటారు. పద్నాలుగో ఏట ఈ పిల్లలకి శరీరాన్ని మార్చే ఆపరేషన్లు చేస్తారు. ముప్పైమంది చచ్చిపోతారు. పన్నెండుమంది అవిటివాళ్ళవుతారు. మిగిలిన ముప్ఫై ముగ్గురే స్పార్టన్లు. వాళ్ళల్లో జాన్ అనేవాడే మనం ఆటలో ఆడే మాస్టర్ చీఫ్.

ఇంతా చేసి, ఈ పిల్లల్ని తయారుచేసింది గ్రహాంతరవాసుల మీదకి కాదు. తిరుగుబాటు చేస్తున్న సొంత మనుషుల్ని అణచడానికి. గ్రహాంతరవాసులు తర్వాత వచ్చారు. వాళ్ళు రావడంతో హాల్సీ చేసినదంతా ముందుచూపు అయి కూర్చుంది.

ఈ నవలలు చదివేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్ళ తగాదాలకి అంతు లేదు. మావాడూ వాడి స్నేహితులూ మా గరాజులో కూచుని వాదించుకుంటుంటే విని నేర్చుకున్నదే నేను చెప్పేదంతా. నైలండ్ పుస్తకమే గొప్పదని చాలామంది మాట. రెండోది, విలియమ్ డీట్జ్ రాసిన "ద ఫ్లడ్", 2003లో వచ్చింది. అది ఆటలో ఏం జరిగిందో గది తర్వాత గది చెప్పుకుంటూ పోతుందని విసుక్కుంటారు. నాకూ అలాగే అనిపించింది, నిద్రపట్టని రాత్రికి మంచి మందు. ఇక 2010లో "హేలో: రీచ్" అనే ఆట వచ్చినప్పుడు జరిగిన గొడవ ఇంకోటి. రీచ్ గ్రహం పుస్తకంలో ఒకలా పడిపోతుంది, ఆటలో ఒకలా పడిపోతుంది. తేదీలే కుదరవు. ఆ ఏడాదే పుస్తకాన్ని కొన్ని దిద్దుబాట్లతో మళ్ళీ వేశారు. మా పిల్లల్లో ఒక వర్గం ఇప్పటికీ పాత ప్రతినే ప్రమాణం అంటుంది. నన్నయ భారతానికి పాఠాంతరాల మీద మా మాస్టార్లు ఇంత పట్టుదలగా కొట్టుకోవడం నేను చూడలేదు.

మా ఆవిడ ఈ పాఠాంతరాల జోలికి పోలేదు. పుస్తకం మొత్తం చదివి ఒక్క మాట అంది. "ముప్పైమంది పిల్లలు చచ్చిపోయారని ఆ కాసినిలో చెప్పేసి, కవచం ఎలా పనిచేస్తుందో మాత్రం పేజీలకి పేజీలు రాశాడేవిటండీ ఈయన?" మావాడు దానికి గట్టిగానే అభ్యంతరం చెప్పాడు. ఆ పిల్లల అంత్యక్రియల దగ్గర జాన్ తన గురువు మెండెజ్‌ని నిలదీసే ఘట్టం ఉందని, నాయకుడు తన మనుషుల ప్రాణాల్ని ఖర్చుపెట్టడానికీ వృథా చెయ్యడానికీ తేడా ఏమిటో అతను చెప్తాడని, అదే పుస్తకానికి గుండెకాయ అని. "ఖర్చేవిట్రా, వాళ్ళేం చిల్లర డబ్బులా?" అని ఆవిడ లేచిపోయింది. ఆ తర్వాత 2022లో టీవీ సీరియల్ మొదలై, మాస్టర్ చీఫ్ మొదటి భాగంలోనే హెల్మెట్ తీసి ముఖం చూపించాడని పిల్లలందరూ మండిపడ్డారు. ముఖం చూపిస్తే వాడి సొమ్మేం పోయిందని మా ఆవిడ వాదన. 2024లో ఆ సీరియల్ ఆపేస్తే ఇంట్లో బాధపడింది ఆవిడొక్కతే.

నాకు తెలిసిన పాఠకుల్లో ఇంకొకతను ఉన్నాడు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మిత్రుడు. ఆదివారం పిల్లలు పార్కులో క్రికెట్ ఆడుతుంటే మేం గట్టున కూచుంటాం. అతనికి హేలో ఆనదు. "అన్నా, ఆ స్పార్టన్లకు ఏమైతది? ఏం గాదు. తూటా తగిల్తే కవచానికే తగుల్తది. చస్తరేమోనన్న భయం లేకుంటే అది యుద్ధం నవలెట్లయితది?" అంటాడు. అతను చదివేది వార్‌హామర్ అనే ఇంకో ఆట ప్రపంచంలో డాన్ ఆబ్నెట్ రాసిన "గాంట్స్ గోస్ట్స్" నవలలు. మొదటిది 1999లో వచ్చింది. అందులో టానిత్ అనే గ్రహం మీద కొత్తగా సైన్యంలో చేర్చుకున్న రోజే శత్రువులు వచ్చి ఆ గ్రహాన్ని నాశనం చేసేస్తారు. గాంట్ అనే అధికారి ఊరికోసం పోరాడనివ్వకుండా తన సైనికుల్ని ఓడల్లో ఎక్కించి బయటపడేస్తాడు. వాళ్ళు బతుకుతారు, కానీ వెనక్కి వెళ్ళడానికి ఊరు లేదు. మమ్మల్ని కాపాడావని కొందరూ, మా ఊరు వదిలేయించావని కొందరూ పుస్తకం తర్వాత పుస్తకం అతన్ని చూస్తూనే ఉంటారు.

ఇది చెప్పేటప్పుడు మా మిత్రుడు క్రికెట్ వైపే చూస్తూ చెప్తాడు. అతని ఊరు మిడ్ మానేరు డ్యాము కింద మునిగిన ఊళ్ళలో ఒకటి. నేను ఆ పుస్తకం తెచ్చుకుని చదివాను గానీ, అతను చదివినట్టు నాకు చదవడం రాలేదు.

మధ్యలో ఒక సంగతి చెప్పాలి, మన న్యూజీలాండ్‌కి సంబంధించింది. 2005, 2006 ప్రాంతాల్లో హేలోని సినిమాగా తీయబోయారు. మన పీటర్ జాక్సనే పెద్ద దిక్కు, దర్శకుడు నీల్ బ్లోమ్‌కాంప్. వెల్లింగ్టన్‌లో వేటా వర్క్‌షాప్ వాళ్ళు ఆయుధాలూ కవచాలూ, నిజంగా నడిచే యుద్ధపు జీపు కూడా తయారుచేశారు. డబ్బు పెట్టే స్టూడియోలు వెనక్కి తగ్గడంతో సినిమా ఆగిపోయింది. ఆ బ్లోమ్‌కాంపే తర్వాత 2009లో "డిస్ట్రిక్ట్ 9" తీశాడు. మా మావగారికి ఈ కథ చెప్తుంటే ఆయన మధ్యలో ఆపి, "వెల్లింగ్టన్‌లో సినిమా వాళ్ళకేం పని అల్లుడుగారూ?" అన్నారు. ఆయనకి వెల్లింగ్టన్ అంటే నీలగిరుల్లో ఉన్న ఊరు. మద్రాస్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం అక్కడే. ఆయన జవానుగా ఊడిగం మొదలెట్టిందీ అక్కడే.

మావగారిది మిలటరీ మాధవరం. మా తాడేపల్లిగూడెం పక్కనే. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు, ఇప్పటికీ ఇంటికొకరు సైన్యంలో ఉన్నారని చెప్పుకునే ఊరు. ఆయన సుబేదారుగా రిటైరయ్యారు. కిందటేడు ఇక్కడి వేసవిలో ఆర్నెల్లు మా దగ్గరున్నారు. చలికాలంలో పండగలూ ఎండాకాలంలో క్రిస్మసూ రావడం ఆయనకి అస్సలు నచ్చలేదు. పొద్దున్నే అయిదింటికి లేచి పార్కులో నడిచి వచ్చి, తర్వాత రోజంతా ఏం చెయ్యాలో తోచక కిటికీ దగ్గర కూచునేవారు. మావాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి ఆయనకి "ద ఫాల్ ఆఫ్ రీచ్" తెలుగులో చెప్పడం మొదలెట్టాడు. వాడి తెలుగు ఎలాంటిదో మీరు ఊహించుకోవచ్చు. "తాతయ్యా, అప్పుడు వాళ్ళు బెల్ ని రింగ్ చేసేశారు" లాంటి తెలుగు. ఆయన మాత్రం హరికథ విన్నట్టు విన్నారు.

శిక్షణ మొదటిరోజు ఘట్టం ఒకటుంది. పిల్లల్ని ముగ్గురేసి జట్లుగా చేసి పరిగెత్తించి గంట కొట్టమంటారు. జాన్ అందరికంటే ముందు కొట్టేస్తాడు, జట్టులో మిగతా ఇద్దర్నీ వెనక వదిలేసి. మెండెజ్ అతని జట్టే ఓడిపోయిందని చెప్పి రాత్రి భోజనం లేకుండా చేస్తాడు. మావగారు తొడ చరిచారు. "ఇది రాసినవాడు కాంపులో ఉన్నవాడన్నా అయ్యుండాలి, ఉన్నవాళ్ళని దగ్గర కూచోబెట్టుకుని అన్నా అడిగుండాలి. ఒకడు బూటు లేసు కట్టుకోకపోతే మా సెక్షన్ మొత్తం మైదానం చుట్టూ పరిగెత్తేది" అన్నారు. మెండెజ్ అంటే ఆయనకి తెగ నచ్చేశాడు. రెండు రోజులు మా ఇంట్లో మెండెజ్ నామస్మరణే.

మూడోరోజు ఆపరేషన్ల ఘట్టం వచ్చింది. ముప్పైమంది. మావాడు ఆ అంకె చెప్పగానే ఆయన, "ఆ డాక్టర్ని కోర్ట్ మార్షల్ చేశారా?" అన్నారు. లేదన్నాడు వాడు. "మరి ఆ మెండెజ్ ఏం చేశాడు?" ఏమీ చెయ్యలేదు తాతయ్యా, తర్వాత కూడా డ్యూటీ చేశాడు. మావగారు కాసేపు ఊరుకుని, "ఆ పిల్లల్ని మొదట ఎవరి మీదకని తయారుచేశారన్నావ్?" అని అడిగారు. తిరుగుబాటు చేసేవాళ్ళ మీదకి అన్నాడు. "సొంత జనం మీదకా!" అని ఆయన లేచి బయటికెళ్ళిపోయారు. గ్రహాంతరవాసులు వచ్చి మనుషుల్ని సర్వనాశనం చేస్తుంటే ఈ స్పార్టన్లే కాపాడారని మావాడు ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. "తర్వాత దొంగలు పడ్డారని ముందు చేసిన దొంగతనం కాపలా అయిపోదురా. నేను నా వేలితో సంతకం పెట్టి వెళ్ళాను. మా అమ్మ ఏడ్చింది, నిజమే. కానీ నేనెక్కడున్నానో ఆవిడకి తెలుసు. నెలకో ఉత్తరం రాసేవాణ్ణి."

ఈ నవలలు చదివే వాళ్ళల్లో అన్నిటికంటే పెద్ద తగాదా కూడా సరిగ్గా ఇక్కడే. 2011లో కేరెన్ ట్రావిస్ అనే ఇంగ్లీషావిడ ఈ ప్రపంచంలోకి వచ్చింది. ఒకప్పుడు రక్షణ వ్యవహారాల విలేఖరి. "గ్లాస్‌లాండ్స్", "ద థర్స్‌డే వార్", "మోర్టల్ డిక్టాటా" అని మూడు రాసింది, చివరిది 2014లో. హాల్సీని నేరస్తురాలిగా నిలబెట్టింది. అభిమానుల్లో చాలామంది ఆవిణ్ణి క్షమించలేదు. పాత్రని తిట్టడానికే మూడు పుస్తకాలు రాసిందన్నారు, కథ చెప్పమంటే నీతి చెప్పిందన్నారు. మావాడి ఫిర్యాదు మరొకటి, అది న్యాయమైనదనే అనుకుంటాను. "హాల్సీ ఒక్కతే చేసిందా నాన్నా? పైనున్న నేవీ పెద్దలు సరే అంటేనే కదా చేసింది. వాళ్ళని మాత్రం తెలివైనవాళ్ళుగా చూపించి తప్పంతా ఆవిడ మీద తోసేసింది ఈ రైటర్" అంటాడు. పుస్తకాలు అయిదారువందల పేజీలవి కాకపోయినా ఆవిడ ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పిన చోట్లు నన్నూ విసిగించాయి.

కానీ ఆ మూడో పుస్తకంలో ఒక తండ్రి ఉన్నాడు. స్టాఫన్ అని. సన్సార్ అనే గ్రహం వాడు. (ఆ పేరు విని మావగారు "సంసారమా?" అన్నారు. కాదని చెప్పడానికి మాకెవరికీ మనసొప్పలేదు.) అతని ఆరేళ్ళ కూతురు నయోమి తప్పిపోయి దొరుకుతుంది. దొరికిన పిల్ల తన పిల్లలా లేదని అతనికి అనిపిస్తుంది. ఆ పిల్ల జబ్బు చేసి చచ్చిపోతుంది. అతను మాత్రం నమ్మడు. ముప్ఫై అయిదేళ్ళు వెతుకుతాడు. అసలు నయోమి స్పార్టన్ అయి బతికే ఉంటుంది. నైలండ్ పుస్తకంలో ఈ తల్లిదండ్రులు దాదాపు కనిపించరు. పిల్లల్ని తెచ్చుకున్నాక ఆ ఇళ్ళ తలుపులు మూసుకుపోతాయి. వెనక్కెళ్ళి ఒక ఇంటి తలుపు తట్టినందుకే ట్రావిస్ మీద నాకు గౌరవం. కుర్రాళ్ళు ఈ పుస్తకాన్ని ఎందుకు తిడతారో నాకు అర్థమైంది. వాళ్ళు జాన్ పక్కనుంచి చదువుతారు. నేను అప్పటికే గేటు ఇవతల నిలబడ్డవాణ్ణి.

గేటు అవతల కూడా కొన్నాళ్ళున్నాను. ఏడో తరగతిలో మా నాన్నగారు నన్ను విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. ఎత్తుకుపోలేదండీ, ఫీజు కట్టి మరీ అప్పగించారు. తెల్లారుజామున స్టడీ అవర్, ర్యాంకుల ప్రకారం సెక్షన్లు, నెలకో ఆదివారం అమ్మ తెచ్చే కారియరూ, ఆవకాయ సీసా. ఆంధ్రాలో చదువుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దసరా సెలవులకి ఇంటికెళ్తే అమ్మ నన్ను కాసేపు అలా చూసి, "నువ్వు నువ్వేనట్రా?" అనేది. నేను పలచగా నవ్వి గదిలోకి వెళ్ళి పుస్తకం తీసేవాణ్ణి. స్టాఫన్ ఆ దొరికిన పిల్లని పరీక్షగా చూసే పేజీల దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. మళ్ళీ చదివేటప్పుడు మా అమ్మ ముఖమే కనపడింది.

మార్చిలో మావాడికి పదిహేడు నిండాయి. ఏప్రిల్ ఇరవై అయిదున ఆన్జాక్ డే. చీకటితోనే జరిగే ఆ స్మరణ సభకి మావగారు తన పతకాలు కోటుకి తగిలించుకుని బయల్దేరారు, వీడు తోడెళ్ళాడు. తిరిగొచ్చాక ఫలహారాల దగ్గర వీడు ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. న్యూజీలాండ్ సైన్యంలో పదిహేడేళ్ళకి చేరొచ్చు. పద్దెనిమిది లోపు వాళ్ళకి తల్లిదండ్రుల అంగీకారం కావాలి.

మా ఆవిడ ముందు ఆ కాగితం వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది, తర్వాత షెల్ఫులో ఆకుపచ్చ అట్టల వైపు చూసింది. "ఆ పుస్తకాలు తెచ్చినరోజే బోటనీలో పడేసి రావలసింది" అంది. మావాడికి కోపం వచ్చింది. "అమ్మా, ఆ బుక్ చదివినవాడెవడైనా ఆర్మీ అంటే పారిపోతాడు. పుస్తకం చూసి కాదు నేనడిగేది. వాళ్ళని ఎవరూ అడగలేదు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను." వాడి తెలుగులో అంత తిన్నటి వాక్యాలు నేను అంతకుముందు వినలేదు.

మావగారు పక్షం తీసుకుంటారేమో అని చూశాం. ఆయన ఏ పక్షమూ తీసుకోలేదు. వయూరులో శిక్షణ ఎన్నాళ్ళని అడిగారు, చలి ఎంతుంటుందని అడిగారు, ఇంటికి ఫోను చెయ్యనిస్తారా అని అడిగారు. తర్వాత కూతురితో, "అమ్మడూ, పద్దెనిమిది నిండితే వాడికి మీ సంతకంతో పని లేదు. నీ సంతకంతో వెళ్తే నువ్వు ఉత్తరం రాసినప్పుడు వాడికి జవాబు రాయాలనిపిస్తుంది, అంతే తేడా" అన్నారు. మా ఆవిడ వచ్చే మార్చిదాకా ఆగమంది. వాడు సరేనన్నాడు. పొద్దున్నే బ్యారీ కర్టిస్ పార్కు చుట్టూ పరిగెడుతున్నాడు. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. నా పేరు రాయవలసిన గీత దగ్గర మాత్రం మా ఆవిడ పెన్సిల్‌తో చిన్న ఇంటూ పెట్టింది. అది సంతకం చెయ్యాల్సిన చోటు గుర్తో, చెయ్యొద్దని గుర్తో నేనడగలేదు.

మావగారు మేలో మాధవరం వెళ్ళిపోయారు. "మోర్టల్ డిక్టాటా" సగంలో ఉండగా వెళ్ళారు కాబట్టి మావాడు మిగతాది ఆదివారాలు వాట్సాప్‌లో చెప్తున్నాడు. మొన్నటి ఆదివారంతో అయిపోయింది. నేను పక్క గదిలో ఉండి విన్నాను. తండ్రీ కూతుళ్ళు కలుసుకునే ఘట్టం వాడు ఎక్కువ సాగదీయకుండానే చెప్పాడు.

"ఇంతకీ ఆ పిల్ల ఇంటికెళ్ళిందా?" అన్నారు మావగారు.

"లేదు తాతయ్యా. మళ్ళీ డ్యూటీకే వెళ్ళింది."

అటునుంచి కాసేపు మాట లేదు. ఎవరిదో ట్రాక్టరు వెళ్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"బతికుందని వాళ్ళ నాన్నకి తెలుసుగా?"

"తెలుసు."

"సరే అయితే. అమ్మకివ్వు ఫోను."